కత్తెరమ్మ అంగుళమున్నర

కత్తెరమ్మ అసలు పేరు ఆ ఇంటి కరెంటు బిల్లు మీద కూడా లేదు. అది ఇప్పటికీ పోయిన మామగారి పేరునే వస్తుంది. వీధిలో ఆమెను టైలరమ్మ అంటారు, అత్తగారు అమ్మాయ్ అంటుంది, మొగుడు అవసరమొస్తే ఇదిగో అంటాడు. కానీ ఆమె ముఖం ఎన్నడూ చూడని ఆరేడు వేలమంది దర్జీలకు మాత్రం ఆమె కత్తెరమ్మ. వాళ్ళందరూ ఒక్కసారిగా తగవు పడిన వారంలో ఆ తగవంతా ఈమె నోటి నుంచి వచ్చే రెండు మాటల కోసం ఆగిపోయిందంటే ఎవరూ నమ్మరు. ఆగింది మరి.

దుకాణమంటే పెద్ద దుకాణమేమీ కాదు, ఇంటి ముందుగది. కిటికీ పక్కన కటింగు బల్ల, దాని కింద గుడ్డపీలికల సంచి, గోడవారన రెండు కుట్టుమిషన్లు, మూలకి ఒక పచ్చ తెర. తెర వెనక నిలువుటద్దం, ముక్కాలిపీట. కొలతలన్నీ అక్కడే. బల్ల చివర ఒక పాత కంప్యూటరు, దుమ్ము పడకుండా దానికి లైనింగు గుడ్డతో కుట్టిన ముసుగు. ప్రింటరుకూ ముసుగుంది, దానికి కుచ్చులు పెట్టింది అత్తగారు. కాజాలు, హుక్కులు ఆవిడ శాఖ. డెబ్బై రెండేళ్ళ వయసులో సూదిలోకి దారం ఒక్క దెబ్బకి ఎక్కిస్తుంది, ఎక్కించినట్టు గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది.

ఆ కంప్యూటర్లో ఉండేది కొలబద్ద అనే ప్రోగ్రాము. మనిషి కొలతలు ఇస్తే ఆ ఒంటికి సరిపడే పేపర్ కటింగు గీసిపెడుతుంది. ముప్ఫై కాగితాలు ప్రింటొస్తే వరసగా అతికించుకుని, గుడ్డ మీద పరిచి కోసుకోవడమే. అతికించే పని బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే మొగుడిది. ఆ ప్రోగ్రాము రాసినాయన్ని అందరూ పెద్దాయన అనేవారు. కుట్టుపని చేసే భార్య కోసం రాసి, లోకానికంతా ఊరికే ఇచ్చేశాడు. వాడుకోవడానికి ఇచ్చి ఊరుకోలేదు, లోపలి రాతంతా తెరిచి పెట్టాడు. ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచవచ్చు. తాళం వెయ్యని ఇల్లన్నమాట.

ఆ వాడేవాళ్ళందరూ ఒకరినొకరు అడిగి తెలుసుకునే చర్చావేదిక ఒకటుంది. తొమ్మిదేళ్ళ కిందట కత్తెరమ్మ అందులోకి ఒక ప్రశ్న పట్టుకుని భయం భయంగా వెళ్ళింది. ఆ తర్వాత అడగడం తగ్గి చెప్పడం ఎక్కువైంది. ఆమెకో అలవాటుంది. ఎవరేం అడిగినా వెంటనే జవాబివ్వదు. వాళ్ళు చెప్పిన కొలతకి తనే కాగితం తీసి, మల్లుగుడ్డ మీద కోసి, కచ్చాకుట్టు వేసి, అత్తగారికి తొడిగి, ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, అప్పుడు రాస్తుంది. జవాబు చివర సంతకం పెట్టదు, రెండే మాటలుంటాయి: కుట్టి చూశాను. అంతే, ఆ ప్రశ్న మీద ఇంక ఎవరూ నోరెత్తరు. బడాయి కబుర్లు చెప్పేవాళ్ళు వేదికలో వందమంది ఉన్నారు గానీ, గుడ్డ ఖర్చు పెట్టేది ఈమె ఒక్కతే.

ఇలా ఉండగా పెద్దాయన ఆరోగ్యం దెబ్బతిని, కొలబద్ద పేరునీ వెబ్‌సైటునీ ఒక కంపెనీ చేతిలో పెట్టాడు. ఏడాది బాగానే నడిచింది. తర్వాత కంపెనీ చల్లగా ఒక ప్రకటన చేసింది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి కొలబద్ద కంపెనీ ఖాతాలోంచే తెరుచుకుంటుంది, ఖాతాదారుల కొలతలన్నీ కంపెనీ యంత్రాల్లో భద్రంగా ఉంటాయి, ఎవరూ దిగులు పడనక్కర్లేదు. ఇన్నాళ్ళూ ఎవరి కొలతలు వాళ్ళ కంప్యూటర్లోనే ఉండేవి. దిగులు పడవద్దన్న చోటే కదా దిగులంతా! ఇన్నాళ్ళూ ఆ ప్రోగ్రాముకి చాకిరీ చేసిన ఏడుగురు కుర్రవాళ్ళు లేచి బయటికొచ్చేశారు. తెరిచిపెట్టిన ఆ రాతనంతటినీ అక్షరం పోకుండా తెచ్చుకుని, దారం అని కొత్త పేరు పెట్టుకుని వేరుకుంపటి పెట్టారు.

ఆ రోజు కత్తెరమ్మకి మిషను మీద కాలు నిలవలేదు. భయమో సంబరమో తెలియని ఊపు. అత్తగారు ఆరా తీసింది, ఏమిటే ఆ కంగారని.

"అన్నదమ్ములు వేరుపడ్డట్టు వేరుపడ్డారత్తయ్యా."

"అయితే ఇల్లెవరికి వచ్చింది?"

"ఇద్దరికీ."

"చెరి సగమా?"

"కాదు, ఇద్దరికీ ఇల్లంతా. గిన్నెలు, మంచాలు, తలుపులు, అన్నీ చెరొకటి. తీసుకున్నకొద్దీ తరగదది."

అత్తగారు కాజా ఆపేసి కళ్ళజోడు పైకి నెట్టింది. ఇలాంటి పంపకం తమ కాలంలో లేకపోయిందే అని నొచ్చుకుంది. పాత పంపకంలో తన వాటాకు రాని ఇత్తడి గంగాళం ఒకటి ఆవిడ మనసులో ఇప్పటికీ ఉంది. కాసేపటికి అసలు ప్రశ్న ఆవిడే అడిగింది.

"అన్నీ చెరొకటి వచ్చినప్పుడు ఇంక తగవెందుకే?"

"మనుషులు చెరొకరు రారు కదత్తయ్యా. మమ్మల్నే పంచుకోవాలి."

వేదిక నిండా ప్రశ్నలే. పాత ఫైళ్ళు దారంలో తెరుచుకుంటాయా, రెండూ ఒకే కంప్యూటర్లో పెట్టుకోవచ్చా, తప్పొస్తే ఎవరి గుమ్మం తొక్కాలి. సర్కసు కంపెనీలకు బట్టలు కుట్టే ఒకాయన మరీ నిలదీశాడు: ఇవాళ వాళ్ళతో పడక బయటికొచ్చారు, రేపు మీలో మీకు పడక మళ్ళీ చీలితే మేం ఏ చెట్టు పట్టుకు వేలాడాలి? ఏడుగురూ ఓపిగ్గా జవాబులు రాశారు, ఆదివారం నాలుగింటికి అందరూ వీడియోలో కలిసి మాట్లాడుకుందామన్నారు, సోమవారం పొద్దున్న దారం మొదటి కూర్పు విడుదల అన్నారు. ఎంత రాసినా ప్రతి జవాబు కింద ఎవరో ఒకరు తగులుకునేవారు, ఇంతకీ కత్తెరమ్మ ఏమందని.

కత్తెరమ్మ ఏమీ అనలేదు. కంపెనీ వాళ్ళు ఆమెకు తేనె పూసిన ఉత్తరం ఒకటి రాశారు. వాడుకరుల సంఘానికి మీరే పెద్దగా ఉండాలి, మీ ఫోటో మొదటి పేజీలో వేస్తామన్నారు. ఆ మాటకి ఆమె తెర వెనక్కి వెళ్ళి అద్దంలో ముఖం చూసుకున్న మాట నిజమే, దాచడం ఎందుకు. కానీ ఆ అద్దం ముందు నిలబడితేనే ఆమెకు పోస్టాఫీసావిడ గుర్తుకొచ్చింది.

పోస్టాఫీసావిడకు అయిదు నెలల కిందట ఆపరేషనైంది. ఎడమ రొమ్ము తీసేశారు. ఆ తర్వాత మొదటిసారి కుట్టించుకోవడానికి వచ్చి, తెర వెనక పది నిమిషాలు చున్నీ తియ్యకుండా నిలబడిపోయింది. కత్తెరమ్మ తొందరపెట్టలేదు, అయ్యో అనలేదు. ఎడమవైపు విడిగా, కుడివైపు విడిగా టేపు పట్టి, చీటీ మీద రాసి, "ఈ కొలత ఈ గది దాటదండీ" అంది. రెండు వైపులా రెండు రకాలుగా ఇచ్చినా కొలబద్ద చక్కగా గీస్తుంది కాబట్టి, తొడుక్కుంటే తేడా కంటికి ఆనదు. అలాంటి మాట మూడు వందల పన్నెండుమందికి ఇచ్చింది కత్తెరమ్మ. ఒకటో తారీఖుకల్లా ఆ చీటీలన్నీ కంపెనీ యంత్రాల్లోకి వెళ్ళాలి, లేదా దారం నిలబడాలి. పాత కూర్పునే పట్టుకు వేలాడదామంటే, ఆ పాత కంప్యూటరు ఇవాళో రేపో అన్నట్టుంది. అందుకని ఆమెకు దారం కావాలి. దారం ఎలాగైనా బాగుండాలని ఆమె గుండె గట్టిగా కోరుకుంది. కోరుకుంది కాబట్టే కుట్టి చూడకుండా ఒక్క ముక్క రాయకూడదనుకుంది.

గురువారం, ముందుగా వాడి చూడమని ఇచ్చిన దారం నమూనా కూర్పు దొరికింది. సరిగ్గా ఆ వారమే పోస్టాఫీసావిడకి కోటు కావలసి వచ్చింది. వచ్చే బుధవారం మళ్ళీ ఉద్యోగంలో చేరుతోంది, కౌంటరు వెనక కూర్చోవాలి. పాత ఫైలు దారంలో చిటికెలో తెరుచుకుంది. గీతలు ఎంత నాజూకుగా వచ్చాయో! ప్రింటు సగం సమయంలో అయిపోయింది. మొగుడు కాగితాలు అతికిస్తూ, అంచులు ఇంత బాగా ఎప్పుడూ కలవలేదే అన్నాడు. కత్తెరమ్మ అప్పుడే మనసులో రెండు మాటలూ రాసేసుకుంది. ఇల్లలకగానే పండగ కాదని ఆమెకు మాత్రం తెలియదా?

శుక్రవారం సాయంత్రం పోస్టాఫీసావిడ కోటు తొడిగి చూసుకుంది. నిలబడితే దివ్యంగా ఉంది. పైఅరలోంచి కాగితాలు తీస్తున్నట్టు ఎడమ చెయ్యి ఎత్తబోయింది. భుజం దాకా లేచి ఆగిపోయింది. కోటు అంచంతా చేతితోపాటు పైకొచ్చింది, మెడపట్టీ చెవికి తగిలింది. ఆవిడ ముఖం వాడిపోయింది. ఆపరేషను తర్వాత డాక్టరు చెప్పినట్టు రోజూ గోడకి ఆనుకుని చెయ్యి పైకి పాకించి, ఎంతవరకు లేచిందో పెన్సిలుతో గీత పెట్టుకుంటోంది. కిటికీ ఎత్తు దాటాయి ఆ గీతలు.

"ఇంట్లో లేస్తోందండీ, నిజం. నిన్న కూడా లేచింది," అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు. "నా చెయ్యే మళ్ళీ మొరాయిస్తోంది." కోటు విప్పి బల్ల మీద పెట్టి, ఎలా ఉంటే అలాగే కుట్టెయ్యమని చెప్పి వెళ్ళిపోయింది.

కత్తెరమ్మ బిక్కచచ్చిపోయింది. ఒక్క క్షణం తనూ అదే అనుకుంది, పాపం ఇంకా నయం కాలేదని. అలా అనుకున్నందుకు తర్వాత చాలాసేపు తనని తాను తిట్టుకుంది గానీ, ముందు చేతులు వాటి పని అవి చేశాయి. కుడి చెయ్యి కూడా చూద్దామని కోటు తనే తొడుక్కుని ఎత్తింది. అదీ పట్టేసింది! కాగితం బల్ల మీద పరిచి, టేపు నిలువుగా నించోబెట్టి చంక కోత చుట్టూ కొలిచింది. చేతి ముక్క పైగుండ్రం చుట్టూ కొలిచింది. రెండూ సమానం. వెంట్రుకవాసి తేడా లేదు.

కోటుకి అలా ఉండకూడదు. చేతి పైగుండ్రం చంక కోత కన్నా అంగుళమున్నర పొడుగుండాలి. ఆ ఎక్కువ గుడ్డని కచ్చాకుట్టుతో కొద్దికొద్దిగా దగ్గరికి లాగి, ఇస్త్రీ ఆవిరి పట్టించి చంకలోకి దించితే భుజానికి గుండ్రం వస్తుంది, చెయ్యి ఆడుతుంది. కోటు కుట్టే ప్రతివాళ్ళ వేళ్ళకీ తెలిసిన సంగతే. పుస్తకంలో కన్నా వేళ్ళకే ఎక్కువ తెలుసు.

కత్తెరమ్మ మెడలో టేపు మెడలోనే ఉండగా, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. అత్తగారు వెనక నుంచి అరుస్తూనే ఉంది, ఏమైందే అని. మలుపులో బస్సెక్కబోతున్న పోస్టాఫీసావిడ మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"మీ చెయ్యి బాగుందండీ. కాగితం తప్పు."

ఆవిడ నమ్మలేదు. "నా మనసు నొచ్చుకుంటుందని అంటున్నారా?"

"మంగళవారం సాయంత్రం రండి. అప్పటికి సరిగ్గా కుట్టి ఉంచుతాను. చెయ్యి లేవకపోతే ఇంక కత్తెర పట్టను."

బస్సు వెళ్ళిపోయింది. అంత పెద్ద మాట అనేశానే అనుకుంటూ కత్తెరమ్మ ఉత్త కాళ్ళతోనే ఇంటిదారి పట్టింది. అయినా లోపల ఏదో ఎగిరి గంతేస్తోంది. తప్పు దొరికితే సంతోషించే జాతి ఈ దర్జీలది, దొరికిన తప్పు విప్పి కుట్టుకోవచ్చు కదా.

శనివారం ఏడుగురిలో పెద్దవాడికి రాసింది. అతని బొమ్మలో చుక్కల చొక్కా ఉంటుంది, అందుకని అందరూ అతన్ని చుక్కల చొక్కా అంటారు. మర్యాదస్తుడు, వెంటనే జవాబిచ్చాడు. అది తప్పు కాదని, తాము సరిచేసిన తప్పని చెప్పాడు. మార్పుల జాబితాలో పన్నెండోది: కలిపి కుట్టాల్సిన రెండు అంచుల పొడవులో తేడా, సరిచేయబడింది. తొమ్మిదేళ్ళుగా ఎవరూ గమనించకుండా లెక్కలో పేరుకుపోయిన పొరపాటట అది. నూట నలభై పరీక్షలు పెట్టి చూశామని, అన్నీ నెగ్గాయని కూడా రాశాడు.

"రెండంచులు కలిపి కుట్టేటప్పుడు ఒకటి పొడుగుంటే, ఆ మిగిలిన గుడ్డ ఎక్కడికి పోతుందమ్మా?" అని అడిగాడు, నిజంగానే తెలుసుకుందామని.

"భుజంలోకి పోతుంది బాబూ," అని రాసింది కత్తెరమ్మ. అతనికి అది జవాబులా కనబడలేదు. విడుదల అయ్యాక తీరిగ్గా చూద్దామన్నాడు. సోమవారం పొద్దున్న వేలమంది ఈ కూర్పు దింపుకుంటారు, కోట్లు కుడతారు, చేతులు పట్టేస్తాయి. దారం దండగ అని అందరూ కంపెనీ గూటికే పోతారు. తర్వాత తీరిగ్గా చూసుకోవడానికి ఎవరు మిగిలి ఉంటారు? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంటుంది.

ఆమె సణుగుడంతా విని, మొగుడు గోళ్ళలో గ్రీజు తుడుచుకుంటూ ఒక్క మాట అన్నాడు. "ఇంజను విప్పి బిగించాక ఒక నట్టు మిగిలిందనుకో. కొత్తవాడు అది ఎక్కువైన నట్టు అనుకుంటాడు. బండి రోడ్డెక్కితేగాని తెలీదు." అతను ఏడాదికి ఒకసారి ఇలాంటి మాట అంటాడు. మిగతా రోజుల్లో కాగితాలు అతికిస్తాడు.

బండి రోడ్డెక్కించాలి, అంతే. కత్తెరమ్మ లేచింది. పోస్టాఫీసావిడ కొలతలు బయటపెట్టడమన్న ఊసే లేదు కాబట్టి అత్తగారి కొలతలు తీసింది. కోటు ఒళ్ళూ కుడి చెయ్యీ పాత కొలబద్దలో, ఎడమ చెయ్యి దారంలో గీయించింది. ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకల్లా బూడిదరంగు కోటు ఒకటి తయారైంది. కాజాలు అక్కర్లేదు, చూపించడానికే కదా అంది కోడలు. కాజాల్లేని కోటు వేసుకుని నలుగురిలోకి రానంది అత్తగారు. కూర్చుని నాలుగు కాజాలూ కుట్టింది.

నాలుగింటికి వీడియోలో ఆరు వందల పన్నెండుమంది చేరారు. కంప్యూటరు తెర మీద తపాలా బిళ్ళలంత ముఖాలు. ప్రశ్నల వాన మొదలైంది. సర్కసాయన మళ్ళీ చెట్టు ప్రశ్నే అడిగాడు. ఒకామె పేరు గురించి అడిగింది: ఇన్నేళ్ళ కొలబద్ద పేరు మనది కాకుండా పోతే మనల్ని మనం ఏమని పిలుచుకోవాలని. చుక్కల చొక్కా అన్నిటికీ బదులు చెబుతున్నాడు గానీ, ఎండలో నిలబడ్డవాడిలా చెమటలు కక్కుతున్నాడు. ఎవరికి వాళ్ళు మాట్లాడేస్తున్నారు. అంతలో తెర మీద కత్తెరమ్మ అన్న పేరు వెలిగింది. తొమ్మిదేళ్ళలో ఎన్నడూ కెమెరా తెరవని పేరు. చటుక్కున అందరూ ఆగిపోయారు.

కత్తెరమ్మ గుండె మిషనులా టకటకమంటోంది. కెమెరా మీట నొక్కింది. ఆరు వందల మందికీ కనబడింది ఆమె కాదు. బూడిదరంగు కోటు, దానిపైన మరీ దగ్గరగా వంగి చూస్తున్న అత్తగారి ముక్కు.

నాలుగడుగులు వెనక్కి జరిపించి, కత్తెరమ్మ వివరాలేమీ చెప్పకుండా, "చెయ్యెత్తండత్తయ్యా" అంది. అత్తగారు కుడి చెయ్యి ఎత్తింది. ఫ్యాను రెక్కని అందుకోబోతున్నట్టు సాఫీగా లేచింది. ఎడమ చెయ్యి ఎత్తింది. కోటంతా కలిసి పైకి లేచింది, మెడపట్టీ చెవిలో దూరింది, చెయ్యి మాత్రం భుజం దగ్గరే ఉండిపోయింది.

"ఈ చెయ్యి మీ పాత కాపురం, ఈ చెయ్యి మీ కొత్త కాపురం," అంది అత్తగారు, ఎవరూ చెప్పమనకుండానే. "కాజాలు మాత్రం రెండు వైపులా నావే, వాటికేం ఢోకా లేదు."

నవ్వులు ఆగేలోపల కత్తెరమ్మ పొడుగు పైగుండ్రం ఉన్న మరో చేతి ముక్క తీసింది. ఇప్పుడు భయం పోయింది, చేతులు పనిలో పడ్డాయి కదా. అంచున రెండు వరసల కచ్చాకుట్టు వేసి, దారం సుతారంగా లాగి, వేళ్ళతో సమంగా సర్ది, ఇస్త్రీ ఆవిరి పట్టి, చంక కోతలోకి దించింది. ముడత లేదు, కుచ్చు లేదు. కెమెరా దగ్గరికి తెచ్చి భుజం మీద వేలు పెట్టింది. "బాబూ, మిగిలిన గుడ్డ ఎక్కడికి పోతుందని అడిగారు కదా. ఇదిగో, ఇక్కడికి."

వేదికలో ఒక్కసారిగా గోల. తామూ నమూనా కూర్పుతో కోటు కోశామని, పట్టేస్తుంటే గుడ్డదే లోపమనుకున్నామని ముగ్గురు నలుగురు లేచారు. ఒకాయనైతే తన కుట్టే పాడైపోయిందని రెండు రోజులుగా తిండి సరిగా తినలేదట. చుక్కల చొక్కా మాత్రం తల దించుకుని ఏదో వెతుకుతున్నాడు. ప్రోగ్రాము రాతలో ఏ పంక్తి ఎప్పుడు ఎవరు మార్చారో అంతా దాచి ఉంటుంది. కాసేపటికి తలెత్తి, తొమ్మిదేళ్ళ కిందటి పంక్తి దొరికిందన్నాడు. అంగుళమున్నర కలిపే ఆ పంక్తి పక్కన పెద్దాయన ఒక మాట రాసిపెట్టాడట. చదివాడు.

"కత్తెరమ్మ చెప్పింది. ముట్టుకోవద్దు."

వేరుపడ్డాక కొత్త ఇల్లు సర్దుకునే ఊపులో ఏడుగురిలో ఒకరు ఆ మాటకి అర్థం లేదని తుడిచేశారు. తర్వాత ఇంకొకరు కారణం లేని అంగుళమున్నర కనబడితే, పొరపాటనుకుని తీసేశారు. "ఆ రెండోవాణ్ణి నేనే," అన్నాడు చుక్కల చొక్కా.

తొమ్మిదేళ్ళ కిందట కత్తెరమ్మ భయం భయంగా అడిగిన మొదటి ప్రశ్న ఇదే మరి: కోటు చెయ్యి లేవడం లేదు, పైగుండ్రం కొంచెం పెంచుతారా అండీ? పెద్దాయన అలాగేనమ్మా అని మాత్రం రాశాడు. ఇన్నేళ్ళూ తన మాట అక్కడ కాపలా కాస్తోందని ఆమెకు తెలియనే తెలియదు. కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోలేదు.

ఇవాళే ఆ పంక్తి తిరిగి పెడతామని, పెద్దాయన రాసిన మాట కూడా యథాతథంగా పెట్టేస్తామని అన్నాడు చుక్కల చొక్కా. అందరూ చప్పట్లు కొట్టారు. కత్తెరమ్మ తల అడ్డంగా ఊపింది.

"నా పేరు వద్దు బాబూ. నన్నెరగని వాళ్ళు రేపొస్తారు, వాళ్ళూ తుడిచేస్తారు. చెయ్యి పైకి లేవాలి కాబట్టి అని రాయండి."

ఆ మాటతో సర్కసాయన తన చెట్టు ప్రశ్న తనే ఉపసంహరించుకున్నాడు. విడుదల ఒక రోజు వెనక్కి, మంగళవారం పొద్దుటికి జరిపారు. ఇక మీదట ఏ మార్పైనా ఒక దర్జీ కుట్టి చూశాకే బయటికి వెళ్ళాలని అక్కడికక్కడే తీర్మానించారు. ఆ చూసేవాళ్ళలో మీరుండాలని కత్తెరమ్మని అడిగారు.

"నాకు మీ రాత రాదే," అంది.

"మాకు కుట్టు రాదు కదండీ," అన్నాడు చుక్కల చొక్కా. "అయినా దర్జీలకోసం రాస్తున్నాం. మీరే చెప్పండి, ఎవరిది ఎక్కువ ధైర్యం?"

సరే అంది కత్తెరమ్మ, సర్కసాయన కూడా ఉంటేనే అని షరతు పెట్టి. అంత ప్రశ్నలడిగే మనిషిని బయట వదిలెయ్యకూడదని ఆమె ఉద్దేశం. ఆ సాయంత్రమే కంపెనీకి కూడా రెండు ముక్కలు రాసింది: పెద్దరికం వద్దు, ఫోటో వద్దు, అక్కడుండిపోయే దర్జీలు ఏమైనా అడిగితే మాత్రం చెబుతూనే ఉంటాను. ఫోటో వద్దన్న చోట చెయ్యి ఒక నిమిషం ఆగింది. అత్తగారు ఊరుకోదు కదా, అయితే నువ్వెవరి వాటాకి వచ్చినట్టే అని అడిగింది. అడిగినవాళ్ళ వాటాకి, అంది కోడలు.

మంగళవారం పొద్దున్న దారం వచ్చింది. కత్తెరమ్మ ముందు ఆ పంక్తి తెరిచి చూసుకుంది. పక్కన ఒక్క వాక్యముంది: చెయ్యి పైకి లేవాలి కాబట్టి. తర్వాత ప్రింటు తీసింది. డిపోకి వెళ్ళబోతున్న మొగుడు చేతి సంచీ కింద పెట్టి కాగితాలు అతికించి మరీ వెళ్ళాడు. కోటు చేతులు రెండూ కొత్తగా కోసి, ఆవిరి పట్టి, దించి, కుట్టేసరికి మూడైంది. అత్తగారు కాజాలు కుట్టింది, బొత్తాలు వేసింది, రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

అయిదున్నరకి పోస్టాఫీసావిడ వచ్చింది. కోటు తీసుకుని తెర వెనక్కి వెళ్ళింది. ముందుగదిలో అత్తాకోడళ్ళిద్దరూ పని చేస్తున్నట్టు నటిస్తున్నారు. అత్తగారు సూదిలోకి దారం ఎక్కించబోయి, జీవితంలో మొదటిసారి రెండు దెబ్బలు తప్పింది. తెర వెనక బట్ట కదులుతున్న చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

తెర పైఅంచు దాటి నాలుగు వేళ్ళు కనబడ్డాయి. తర్వాత అరచెయ్యి, మణికట్టు, కొత్త కోటు చెయ్యి. ఎడమ చెయ్యే. అది తెర వేలాడదీసిన కడ్డీని అందుకుని గట్టిగా పట్టుకుంది. కడ్డీకున్న ఇనపరింగులు గలగలమన్నాయి.

లోపల నుంచి గొంతు వినబడింది, ఏడుస్తూ నవ్వుతున్న గొంతు.

"ఈ కడ్డీ కాస్త పైకి పెట్టించండి. మరీ కిందికుంది."

సుత్తి ఎక్కడుందని అత్తగారు అప్పుడే వెతుకులాట మొదలుపెట్టింది. కత్తెరమ్మ కంప్యూటరు ముందు కూర్చుని, వేదిక తెరిచి, వారం రోజులుగా వేలమంది ఎదురుచూస్తున్న రెండు మాటలూ రాసింది.